బస్సు రంగం

ఎనభైల దశకం సగం గడిచాక, ఒక జూలై నెలలో నన్ను కిరండూల్ టౌన్‌షిప్ కళావిభాగంలో నాటక ప్రతుల పరిశీలకురాలిగా వేశారు. కొండ మీద ఇనుప ఖనిజం తవ్వే ప్రాజెక్టు. కొండ కింద క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, ఆరువందల మంది పట్టే ఒక నాటక మందిరం. నియామక పత్రంలో నా పదవి పేరు ఇంగ్లీషులో రెండు పెద్ద మాటలుగా ఉంది. నాన్నకు దాని అర్థం చెప్పలేక, నాటకాలు చదివే ఉద్యోగం అన్నాను. చదివి ఏం చేస్తావని అడిగాడు. చదివానని రాస్తాను అన్నాను. ఆ జవాబు నిజానికి చాలా దగ్గర.

మా విభాగానికి తెలుగు, హిందీ నాటకాలు వచ్చేవి. రాసేవాళ్ళు బయటివాళ్ళు కారు; వర్క్‌షాపు ఫిట్టర్లు, బడి పంతుళ్ళు, టైమాఫీసు గుమాస్తాలు. వచ్చిన ప్రతిని రాకల రిజిస్టరులో ఎక్కించి, చదివి, ఒక పేజీకి మించకుండా అభిప్రాయం రాసి నాటకాల ఎంపిక సంఘానికి పెట్టాలి. ఎంపికైతే మూడు ప్రతులు టైపు చేయించాలి: సంఘానికొకటి, దర్శకుడికొకటి, మూడోది ప్రాంప్టింగ్ ప్రతి. ప్రదర్శన రోజున రంగస్థలం ఎడమ మూల తెర వెనక స్టూలు మీద కూర్చుని, నటుడు తడబడినప్పుడు మాట అందించేది కూడా నేనే. పెద్ద నాటకశాలల్లో ఈ పనులు నలుగురు చేస్తారు. మా దగ్గర నలుగురూ నేనే. జనం నన్ను రీడరమ్మ అనేవారు.

అప్పటికి నా వయసు ఇరవై మూడు. నలుగురిలో నోరు విప్పి మాట్లాడటం చేతనయ్యేది కాదు. చెప్పవలసింది చీటీ మీద రాసి బల్ల మీద పెట్టి వచ్చేదాన్ని. మా సాంస్కృతికాధికారి తివారీగారు మంచి మనిషే, నవ్వుతూ అనేవారు: "మా రీడర్‌కి దేవుడు నోటికి బదులు టైప్‌రైటర్ ఇచ్చాడు." ఇంటికి వెళ్ళి పుస్తకాలు చదువుకోవడం, డైరీ రాసుకోవడం, అంతే నా సాయంత్రాలు. ఇప్పుడు ఈ సంగతులు రాయగలుగుతున్నది కూడా ఆ డైరీలు ముందు పెట్టుకునే.

ఉద్యోగంలో నేను రాసిన మొదటి అభిప్రాయమే తప్పు. టైమాఫీసు నరసింహంగారు రాసిన ఒక నాటకం మీద ఇలా రాశాను: "నడిమి రంగంలో కథ నిలిచిపోయింది. నాయకుడు వెళ్ళిపోయాక తక్కినవారు అతని కోసం ఎదురుచూస్తూ, జరిగిన కథనే మళ్ళీ చెప్పుకుంటున్నారు. ఈ రంగం పూర్తిగా తీసివేయవచ్చు." పుస్తకాల్లో నేర్చుకున్న లెక్క ప్రకారం అందులో ఒక్క మాట తప్పు లేదు. నరసింహంగారు నా కాగితం చదువుకుని, కోప్పడకుండా, "ఆదివారం మధ్యాహ్నం హాలు వెనక బెంచీలో కూర్చోమ్మా. నాటకం చూడొద్దు. జనాన్ని చూడు" అన్నారు.

కూర్చున్నాను. మధ్యాహ్నం పన్నెండింటికి నాటకం మొదలైంది. ఒంటిగంట కావస్తుండగా నాయకుడు ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. వెనక బెంచీల్లోని సగం మంది టిఫిన్ డబ్బాలు పట్టుకుని లేచారు. వాళ్ళది బి షిఫ్టు. రెండింటికి కొండ మీద ఉండాలి, బస్సు బజారులో ఒంటిగంటకు బయలుదేరుతుంది. నాయకుడి వేషం వేసినవాడూ అదే బస్సెక్కాడు. ఆ బస్సే వాళ్ళను కొండ మీద దించి, ఎ షిఫ్టు ముగించినవాళ్ళను ఎక్కించుకుని, మలుపులన్నీ తిరిగి రెండుంపావు, రెండున్నర మధ్య బజారులో దిగింది. దిగినవాళ్ళు ఎర్రదుమ్ము బట్టలతోనే వచ్చి ఖాళీ బెంచీల్లో కూర్చున్నారు. వాళ్ళలోంచే ఒకడు తెర వెనక్కి వెళ్ళి, తువ్వాలు భుజాన వేసుకుని, నాయకుడై రంగస్థలం మీదికి తిరిగి వచ్చాడు. మధ్యలో జరిగిన కథ మళ్ళీ ఎందుకు చెప్పారో అప్పుడు తెలిసింది. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకు మొదటి సగం తెలియాలి కదా.

ఆ రంగాన్ని టౌన్‌షిప్‌లో బస్సు రంగం అనేవారు. ఇక్కడ నాటకం రాసే ప్రతివాడూ ముందు దాన్ని రాసుకుని, అటూ ఇటూ కథ అల్లేవాడు. వానాకాలంలో కొండ మీద మబ్బు దిగి బస్సు ఆలస్యమైతే సాగదీయడానికి, ప్రతి చివర పసుపు కాగితాల మీద అదనపు మాటలుండేవి. వాటిని నిల్వ మాటలనేవాళ్ళం. ఏ మాట ఎప్పుడు అందించాలో ప్రాంప్టరు ఇష్టం. ఆ రోజు ఇంటికి వెళ్ళి నా అభిప్రాయం కాగితం చింపి, కొత్తది రాశాను.

మూడో ఏడు నరసింహంగారు 'హద్దురాయి' రాశారు. భోపాల్‌పట్నం వైపు ఒక పల్లె. పోశయ్య అనే రైతు పొలం హద్దురాయిని ఎవరో జరిపేశారు. అతను భూమి లెక్కలు రాసే పట్వారీ దగ్గరికి వెళ్తాడు. తల్లి, పొరుగువాళ్ళు వాకిట్లో ఎదురుచూస్తారు. తిరిగి వచ్చిన పోశయ్య ఎవరితోనూ మాట్లాడడు. గడ్డపార తీసుకుని రాయిని పెకలించి పాత చోట పాతుతాడు. మొదటి సగంలో పోశయ్య సూర్యారావు. శ్రీకాకుళం మనిషి, ఖనిజం తవ్వే షావెల్ యంత్రం ఆపరేటరు, నిలువెత్తు విగ్రహం, పర్మినెంటు ఉద్యోగి. అతనికి బి షిఫ్టు పడిన వారాల్లోనే ఆ నాటకం వేసేవాళ్ళం. రెండో సగంలో పోశయ్య వెంకటి. తర్లగూడ నుంచి వచ్చిన కూలీ. కన్వేయరు బెల్టు కింద రాలిన ఖనిజం ఎత్తిపోసే కాంట్రాక్టు పని, ఎప్పుడూ ఎ షిఫ్టే. సూర్యారావు భుజం దాకా కూడా రాడు. ఇద్దరికీ పోలిక లేదు. పసుపు అంచు తువ్వాలు ఎవరి భుజాన ఉంటే వాడే పోశయ్య. చూసేవాళ్ళలో ఎవరికీ అందులో సందేహం రాలేదు.

తల్లి వేషం లక్ష్మక్కది. మద్దేడ్ ఆమె, మా శిశుకేంద్రంలో ఆయా. చదువు రాదు. నేను చదివి వినిపిస్తే రెండోసారికి పట్టేసేది.

ఆ మరుసటి ఫిబ్రవరిలో ప్రతుల పరిశీలకులు, నాటకశాలల సాహిత్య నిర్వాహకుల సదస్సు మా టౌన్‌షిప్‌లో జరపాలని నిర్ణయమైంది. మూడు రోజులు. నాగపూర్, రాయపూర్, హైదరాబాద్, విశాఖ నుంచి ముప్పై మందికి పైగా వస్తారు. అందరూ నాలాంటి పని చేసేవాళ్ళే, అంటే తెర ముందు కనపడనివాళ్ళు. అలాంటి మనుషులు ఇంతమంది ఉన్నారని తెలియడమే నాకు పండుగ. రెండో రోజు ఆతిథ్యమిచ్చే విభాగం ఒక నాటకం ప్రదర్శించాలి. సదస్సు దాన్ని ఆమోదిస్తే సిఫార్సు జాబితాలో చేర్చి, పాత్రధారుల పేర్లతో సహా అచ్చు వేస్తారు. దానికి ఒక నియమం: పరిశీలకుడు ప్రతి చివర 'ఈ ప్రతి ప్రదర్శించిన ప్రకారమే ఉన్నది' అని సంతకం చేయాలి. ఆ సంతకం లేని ప్రతి జాబితాకు ఎక్కదు.

తివారీగారు 'హద్దురాయి'ని ఎంచుకున్నారు. ఎంచుకుని నన్ను పిలిచి, శుభ్రమైన ప్రతి ఒకటి తయారుచేయమన్నారు. శుభ్రమంటే బస్సు రంగం లేకుండా. సూర్యారావుకు ఆ రోజు ప్రత్యేక సెలవు ఇప్పించారు కనుక అతను ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. పట్వారీ దగ్గరికని అటు దిగి రెండు నిమిషాల్లో ఇటు నుంచి వస్తాడు. గంటలో నాటకం అయిపోతుంది, ఒంటిగంటన్నరకు అతిథులకు భోజనం.

నేను చీటీ రాసి ఇచ్చాను: వెంకటి?

తివారీగారు చీటీ చూసి, కాంట్రాక్టు మనిషికి ప్రత్యేక సెలవు ఇచ్చే అధికారం తనకు లేదన్నారు. అది నిజం. "పైగా బేటీ, ఒక పాత్రకు ఇద్దరు మనుషులు, పొడుగొకడు పొట్టొకడు! పెద్ద పెద్ద వాళ్ళు వస్తున్నారు. ఇజ్జత్ కా సవాల్, పరువు పోతుంది" అన్నారు. అందులోనూ అబద్ధం లేదు, ఆయన నిజంగానే భయపడ్డారు.

మర్నాడు వెంకటి పని దిగి, దుమ్ముబట్టలతో నా గది గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే నేల ఎర్రగవుతుందని రాలేదు.

"ఏంది రీడరమ్మా, పోశయ్య ఈపారి పట్వారీ కాడికి పోంగనే వస్తడంట? మా పట్వారీ అంత మంచోడెప్పుడైండు?"

నేను నవ్వలేకపోయాను. అచ్చయ్యే పుస్తకంలో అతని పేరుండదని చెప్పాలి. చెప్పలేక, పాత ప్రతిలోని పాత్రధారుల పేజీ తీసి చూపించాను. అందులో నేను ఇలా టైపు చేసి ఉన్నాను: పోశయ్య (బస్సు రంగం వరకు) సూర్యారావు, పోశయ్య (బస్సు రంగం తరవాత) వెంకటి. అతనికి హిందీ అక్షరాలు కొన్ని వచ్చు, తెలుగు అక్షరాలు రావు. తన పేరు ఎక్కడుందో అడిగి, దుమ్ము అంటకుండా వేలు గాల్లోనే పెట్టి చూసుకున్నాడు.

"గేటుపాసు మీద తప్ప నా పేరు ఏ కాయితంల లేదమ్మా. గేటుపాసు గూడ పని దిగంగనే గుంజుకుంటరు." వేలు వెనక్కి తీసుకుని, "పోనీ తియ్. సూర్యన్న మంచిగనే చేస్తడు. నేనైతే ఆ దినం అటుదిక్కు రాను" అన్నాడు.

నేను శుభ్రమైన ప్రతి టైపు చేశాను. ఉద్యోగం కనుక చేశాను. తొమ్మిది రోజులు రిహార్సలు జరిగింది. సూర్యారావు రెండో సగం మాటలు నేర్చుకున్నాడు కానీ గడ్డపార పట్టిన ప్రతిసారీ మొహం మాడ్చుకునేవాడు. "షావెల్ తోలేవోడికి గడ్డపారేటండీ? అది ఎంకటి ఒంటికి తెలుసు. నేను ఎత్తితే కర్ర సాము నాగుంది" అని దర్శకుడితో గొణిగేవాడు. లక్ష్మక్కకు మరో చిక్కు. కొడుకు గడప దాటగానే ఆమె 'ఇంకా రాకపాయె' అని మొదలుపెట్టడం అలవాటు. ఇప్పుడు 'అదిగో వచ్చె' అనాలి. తొమ్మిది రోజుల్లో ఆరుసార్లు తప్పింది. "పోనోడు వచ్చిండని ఎట్లంటనమ్మా, నోరు తిరగదు" అనేది.

సదస్సు మొదటి రోజు పత్రసమర్పణలు. ప్రతుల భద్రత మీద, తిరస్కరించిన రచయితకు ఉత్తరం రాసే పద్ధతి మీద, అనువాద నాటకాల్లో సంక్షిప్తీకరణ మీద మాట్లాడారు. నేను డైరీలో పదహారు పేజీలు రాసుకున్నాను. అంతా నా బతుకు గురించే అనిపించింది. మధ్యాహ్నం అధ్యక్షులు, నాగపూర్ నుంచి వచ్చిన పెద్దాయన, ఖనిజ ప్రాంతాల నాటకాలు కొన్ని చదివానని, అన్నింటిలోనూ ఒకే నిర్మాణ దోషం ఉందని అన్నారు: నాయకుడు నాటకం నడుమ చాలాసేపు కనబడడు, కథ వెనక్కి తిరిగి తనను తానే చెప్పుకుంటుంది. ఇది రచయితలకు శిక్షణ లేకపోవడం వల్లనని, పరిశీలకులు కత్తెర పట్టి సరిచేయాలని ఆయన మాట. తివారీగారు గర్వంగా నా వైపు చూశారు. మేం ముందే సరిచేసేశాం కదా.

మూడేళ్ళ కిందట నేను రాసి చింపేసిన కాగితంలోని మాటలే ఆయనవి. లేచి చెప్పాలనుకున్నాను. చీటీ కూడా రాశాను. అధ్యక్షుల బల్ల దాకా నడిచి వెళ్ళలేక, మడిచి డైరీలో పెట్టుకున్నాను. ఆ చీటీ ఇప్పటికీ అందులో ఉంది. "బస్సు వేళలు తెలుసుకోవలెను" అని ఉంది దాని మీద.

రెండో రోజు పన్నెండింటికి నాటకం మొదలైంది. ముందు మూడు వరుసల్లో అతిథులు, వెనకంతా మన జనం. నా స్టూలు పక్క బల్ల మీద శుభ్రమైన ప్రతి. దాని కింద పాత ప్రతి. పాతది ఎందుకు తెచ్చావని తరవాత నన్ను చాలామంది అడిగారు. అలవాటు అని చెప్పవచ్చు. కానీ పసుపు కాగితాలు కూడా తెచ్చాను. అది అలవాటు కాదు, ఆ రోజు వాటి అవసరమే లేదు.

మొదటి సగం బాగా నడిచింది. పావుతక్కువ ఒంటిగంట దాటాక సూర్యారావు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "అమ్మా, పట్వారీ కాడికి పోయొస్తా" అని గడప దాటాడు. అంతే, వెనక బెంచీల్లో బి షిఫ్టు వాళ్ళు టిఫిన్ డబ్బాలు తీసుకుని లేచారు. వాళ్ళకు శుభ్రమైన ప్రతి సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పినా బస్సు ఆగదు. బూట్ల చప్పుడు, డబ్బాల చప్పుడు. అతిథులు వెనక్కి తిరిగి చూశారు. జనం నచ్చక లేచిపోతున్నారని వాళ్ళనుకున్నారు. తివారీగారు సగం లేచి నిలబడ్డారు.

ఆ చప్పుడు వినగానే లక్ష్మక్క కొత్త మాట మరిచిపోయింది. ఈ నాటకం వేసినప్పుడల్లా ఆ చప్పుడు తరవాత ఆమె అనే మాట ఒకటే. పెదవి దాకా వచ్చిందాన్ని బలవంతాన ఆపుకుని, నా మూల వైపు చూసింది. ఎదుటి తెర వెనక సూర్యారావు తిరిగి రావడానికి సిద్ధంగా ఉన్నాడు.

శుభ్రమైన ప్రతిలో నా వేలి కింద 'అదిగో వచ్చె' అని ఉంది. నేను చూసుకున్నాను. స్పష్టంగా చదవగలిగాను. చదివి, "ఇంకా రాకపాయె" అని అందించాను.

లక్ష్మక్క ఒక్క క్షణం నన్నే చూసింది. తరవాత గడపలో కూర్చుని, చెయ్యి నొసట పెట్టుకుని, "ఇంకా రాకపాయె గదా నా కొడుకు" అంది. అడుగు ముందుకు వేసిన సూర్యారావుకు నేను అరచెయ్యి చూపించాను. ఆగమని ప్రాంప్టరు చేసే సైగ అది. అతను ఆగాడు. లక్ష్మక్కను చూశాడు, గడియారం చూసుకున్నాడు, నన్ను చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకుని వెనక తలుపులోంచి బయటికి వెళ్ళిపోయాడు. బయట అతని స్కూటరు స్టార్టయిన చప్పుడు రంగస్థలం మీదికి వినబడింది.

ఇప్పుడు పోశయ్య నిజంగానే లేడు. వస్తాడో రాడో తెలియదు. వెంకటి రానన్నాడు. బస్సు దిగడానికి గంటంపావు ఉంది. నా దగ్గర నాలుగు పసుపు కాగితాలున్నాయి.

పొరుగువాడి వేషం వేసిన వెల్డరుకు మొదటి మాట అందించాను. "పట్వారీ కాడ ఇంతసేపా పెద్దమ్మా?"

"తినందే కలం ముట్టడు, తిన్నంక కండ్లు తెరవడు. పట్వారీ అంటే అంతే బిడ్డా" అంది లక్ష్మక్క.

వెనక నుంచి ఎవరో, "మాకాడ ముట్టి గూడ రాయడే అక్కా!" అని అరిచారు. హాలంతా నవ్వింది. వాళ్ళు కథ మళ్ళీ చెప్పుకున్నారు, రాయి ఎటు జరిగిందో నేల మీద గీసి చూపించుకున్నారు, పొరుగువాడి పెళ్ళి కుదరకపోవడం గురించి వేళాకోళాలాడారు. ఒంటిగంటన్నర అయింది. భోజనం వడ్డించడానికి వచ్చినవాళ్ళు పక్క తలుపు దగ్గర నిలబడి నాటకం చూస్తున్నారు. తివారీగారు తెర వెనక్కి వచ్చి నా చెవిలో, "క్యా హో రహా హై? సూర్యారావు ఎక్కడ?" అన్నారు. నేను నోటి మీద వేలు పెట్టాను. ప్రాంప్టింగ్ మూలలో ప్రాంప్టరు తప్ప మాట్లాడకూడదన్న నియమం ఆయన రాయించిందే. ఆయన పక్కనే నిలబడి చెమట తుడుచుకున్నారు.

రెండుంపావుకు పసుపు కాగితాలు అయిపోయాయి. లక్ష్మక్క నా వైపు చూసింది. అందించడానికి కాగితం మీద మాట లేదు. అంతవరకూ నేను ఒక్క నాటకంలోనూ ఒక్క మాట సొంతంగా రాయలేదు; పరిశీలకులు రాయకూడదు. నాకు తోచింది అందించాను: "వాకిలి ఊడ్వకండి. పోయిన అడుగులు ఉన్నాయి. వచ్చిన అడుగులతో సరిచూసుకుంటాను."

నేను అన్నది పుస్తకపు తెలుగు. లక్ష్మక్క దాన్ని తీసుకుని, చీపురు పట్టుకున్న పొరుగామె వైపు తిరిగి, "ఏయ్, వాకిలి ఊడ్వకే! నా కొడుకు పోయిన అడుగులున్నయ్. వచ్చినంక సరిజూసుకుంట, ఒక్కడుగు తక్కువైతే పట్వారీనే అడుగుత" అంది. ముందు వరుసలో ఒక పెద్దావిడ నోట్‌బుక్కు మూసేసింది.

బజారులో జరిగింది నాకు తరవాత సూర్యారావు చెప్పాడు. బస్సు దిగిన వెంకటి అతన్ని చూసి పక్కకు తప్పుకోబోయాడట.

"ఏంది సూర్యన్నా, నాటకం ఎగ్గొట్టినవా? నన్నైతే పిలువలే మీరు."

"పిలవడానికి నువ్వేవైనా సుట్టానివేటి? పోశయ్యవి నువ్వు. నీ అమ్మ గంట నుంచి గడపలో కూకుంది, ఎక్కు బండి."

"సార్లు తిడ్తరు."

"తిడితే నన్నే గదా తిడతారు. నేను ఆళ్ళకన్నా పొడుగు, పైకి ఇనబడదు. ఎక్కెహె!"

వెంకటి తెర వెనక్కి రాలేదు. టైము లేదు. పెద్ద తలుపులోంచి, ఎ షిఫ్టు జనంతో కలిసి, బెంచీల నడుమ దారిలో నడిచి వచ్చాడు. తువ్వాలు భుజాన ఉంది. తల నుంచి పాదాల దాకా ఎరుపు. మెట్లెక్కి వాకిట్లో నిలబడ్డాడు. లక్ష్మక్క వంగి నేల మీద అతని అడుగులు చూసింది. కొలిచింది.

"పోయిన అడుగు ఇంత పెద్దగుండె. వచ్చిన అడుగు ఇంత చిన్నగున్నది. కచేరోళ్ళు నా కొడుకును కోసుకొని పంపిన్రా ఏంది?"

అలాంటి నవ్వు ఆ మందిరంలో నేను ముందూ వినలేదు, తరవాతా వినలేదు. దాని నడుమనే వెంకటి ఏమీ అనకుండా గడ్డపార అందుకున్నాడు. నవ్వు ఆగిపోయింది. అతను రాయి పెకలించి పాత చోట పాతడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. ఆ ఎనిమిది నిమిషాలూ నా ప్రతిలో మాటలు లేవు.

మూడుంపావుకు భోజనాలు. నాలుగింటికి చర్చ. అధ్యక్షులు నిజాయితీగల మనిషి; నిన్నటి మాట మార్చుకుంటున్నానన్నారు. అయితే, నాయకుడు అంతసేపు లేకపోవడం యంత్రయుగంలో మనిషి తప్పిపోవడానికి ప్రతీక అని, నటుడు మారడం అస్తిత్వ విచ్ఛేదమని ఇరవై నిమిషాలు వివరించారు. విశాఖ నుంచి వచ్చినాయన అది ప్రతీక కాదు, జానపద సంప్రదాయమన్నారు. ఇద్దరికీ వాదన పెరిగింది. చివరికి పరిశీలకురాలినే అడుగుదామన్నారు. ఈసారి చీటీ కుదరదు. లేచాను.

"బస్సు వెళ్ళి రావాలండి" అన్నాను.

నవ్వారు. నేను కూర్చోలేదు. ఒంటిగంటకు ఎవరు ఎక్కుతారో, రెండున్నరకు ఎవరు దిగుతారో, మధ్యలో కథ రెండుసార్లు ఎవరి కోసం చెబుతామో చెప్పాను. నిన్న మీరు కత్తెర పట్టమన్నారు, ఇవాళ పూజ చేయమంటున్నారు, రెండింటికీ ముందు బస్సు వేళలు అడగలేదు అన్నాను. ఈ రంగం తీసేస్తే తగ్గేది నిడివి కాదు, ఒక మనిషి. ఆయన పేరు వెంకటి, వెనక బెంచీలో ఉన్నారు అన్నాను. నా జీవితంలో సభలో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నోట్‌బుక్కు మూసిన పెద్దావిడ మాత్రం, బస్సు ఎంత ఆలస్యమైతే ఎన్ని నిల్వ మాటలు పెడతారని అడిగింది. ఆ సదస్సులో నన్ను పని గురించి అడిగిన ప్రశ్న అదొక్కటే. చెప్పాను, రాసుకుంది.

సాయంత్రం ధ్రువపత్రం నా ముందు పెట్టారు. శుభ్రమైన ప్రతి, దాని చివర 'ఈ ప్రతి ప్రదర్శించిన ప్రకారమే ఉన్నది'. పాత ప్రతికి కొత్త మాటలు చేర్చి ధ్రువీకరిస్తానన్నాను. గడువు ముందే ముగిసిందని, సమర్పించిన ప్రతి మీదే సంతకం కావాలని అన్నారు. ఏ పోశయ్య ఎంతసేపు ఉన్నాడన్నది అచ్చులో ఎవరు చూడొచ్చారని ఒకాయన నచ్చజెప్పారు. వాక్యం చివరి మాట కొట్టేసి, దాని మీద 'లేదు' అని రాసి, దాని కింద సంతకం చేశాను. 'హద్దురాయి' జాబితాకు ఎక్కలేదు.

వారం తరవాత మెమో వచ్చింది: ఆమోదించిన ప్రతికి భిన్నంగా మాటలు అందించినందుకు సంజాయిషీ ఇవ్వవలెను. తివారీగారు నన్ను పిలిచి, తలుపు వేసి, రెండు ప్రతులు పక్కపక్కన ఉండటం వల్ల పేజీలు కలిసిపోయాయని రాయమన్నారు. "అందరికీ జరుగుతుంది బేటీ. నేను అక్కడితో ఫైలు మూసేస్తాను." ఆయన నాకు మేలే చేయబోయారు. కృతజ్ఞతలు చెప్పి, బయట కూర్చుని, రెండు వాక్యాలు టైపు చేశాను: "పేజీలు కలిసిపోలేదు. ఆ మాట నేను చూసి, తెలిసి అందించాను." ఏడాది పాటు ప్రాంప్టింగ్ నుంచి తప్పించి, సర్వీసు పుస్తకంలో మందలింపు రాశారు. సూర్యారావుకూ ఒక మందలింపు పత్రం ఇచ్చారు. అతను దాన్ని అద్దం కట్టించి క్వార్టర్లో వేలాడదీశాడు.

పాత ప్రతిలో కొత్త మాటలు చేర్చి, ధ్రువీకరించి, బీరువాలో పెట్టాను. పాత్రధారుల పేజీ కార్బన్ ప్రతి వెంకటికి ఇచ్చాను. మరుసటి ఏడు కాంట్రాక్టు మారి అతను తర్లగూడ వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు వచ్చి, కాయితం గొట్టంలా చుట్టి టార్చిలైటు డబ్బాలో పెట్టుకున్నానని చెప్పాడు. "మా పట్వారీకి జూపిస్త. నేనే పోశయ్య అంటే ఇగ వాడు నన్ను కచేరీల అడుగు పెట్టనియ్యడు" అని నవ్వాడు.

ఆ తరవాత ఇరవై తొమ్మిదేళ్ళు అదే పని చేశాను. పదవీ విరమణ రోజున సర్వీసు పుస్తకం చూపించారు. ఆ మందలింపు అక్కడే ఉంది. కొట్టేయమని దరఖాస్తు పెట్టుకోవచ్చని గుమాస్తా చెప్పాడు. పెట్టుకోలేదు. నా ఉద్యోగంలో ప్రదర్శించిన ప్రకారమే ఉన్న కాగితం అది.

ఈ వృత్తిలోకి వచ్చే వాళ్ళు అప్పుడప్పుడు ఉత్తరాలు రాస్తుంటారు, ఏం నేర్చుకోవాలని. నాకు తెలిసింది చెబుతాను. ఒక రంగం అక్కరకు మించి పొడుగుందని రాసేముందు, ఆ వేళకు ఎవరు ఎక్కడి నుంచి దిగి రావాలో కనుక్కోండి. కనుక్కున్నాక కూడా తీసేయమంటే, తీసేసిన ప్రతి మీద సంతకం చేయకండి. తెలిసి చేసినదాన్ని పొరపాటున చేశానని మాత్రం రాయకండి.